ఖాళీ అని రాసిన పైపు

జనవరి 9, మంగళవారం. నస్పూర్ దగ్గర, పైపులైను పని జరిగే చోటు. ఉదయం 8.40.

హాజరు: నేను (వర్క్ ఇన్‌స్పెక్టర్), అసిస్టెంట్ ఇంజినీరు, క్రేన్ ఆపరేటరు, పట్టీలు కట్టే కూలీలు ఇద్దరు. మొత్తం ఐదుగురం.

ఆ రోజు నా డైరీ పేజీ ఇలా మొదలవుతుంది. ఉద్యోగంలో చేరిన మొదటి వారం నుంచీ నాకు ఈ అలవాటు. ముందు తేదీ, తర్వాత చోటు, తర్వాత ఎవరెవరు ఉన్నారో రాస్తాను. ఆ రోజు రాసింది తప్పు. అక్కడ ఆరుగురం ఉన్నాం. ఆరో మనిషి 117వ నంబరు పైపులో జ్వరంతో పడుకొని ఉన్నాడు.

కొత్తగా ఈ పనిలో చేరే పిల్లలు ఎప్పుడైనా ఇంటికి వస్తే, "సార్, మీ సర్వీసులో పెద్ద పని ఏది?" అని అడుగుతారు. వంతెన కింద నుంచి లైను తీసిన సంగతి చెప్పి పంపిస్తాను. ఈ సంగతి ఇంతవరకు వాళ్లెవరికీ చెప్పలేదు. చెప్పాలనుకున్న ఒక్కసారి ఏమైందో చివర రాస్తాను.

మా పని గురించి అవసరమైనంతే చెబుతాను. ఊళ్లకు తాగునీరు తీసుకుపోయే పెద్ద ఇనుప పైపులు అవి. ఒక్కొక్కటి నలభై అడుగుల పొడుగు. లోపల మనిషి కొంచెం వంగి నడిచిపోవచ్చు. వాటిని నెలల ముందే తెచ్చి రోడ్డు వెంట వరుసగా పరుస్తారు. ట్రెంచి తవ్వుకుంటూ పోయేకొద్దీ ఒక్కొక్కటే క్రేనుతో ఎత్తి అందులోకి దించుతారు. ఎత్తే ముందు ఒక పద్ధతి ఉంది. ఒకరు ఈ కొసన, మరొకరు ఆ కొసన వంగి లోపలికి చూడాలి. చూసి పిలుచుకోవాలి. ఈ కొస నుంచి "ఏమన్న ఉన్నదా?" అంటే ఆ కొస నుంచి "ఏం లేదు, సాఫ్" అని రావాలి. అప్పుడే ఇన్‌స్పెక్టరు రిజిస్టరులో ఆ నంబరుకు ఎదురుగా "ఖాళీ" అని రాసి సంతకం పెట్టాలి. పైపులో రాయి మిగిలిపోతే రేపు పంపు పగులుతుంది. మాకు రాళ్లు దొరికాయి, పాములు దొరికాయి, ఒకసారి తల్లి కోసం అరిచి అరిచి గొంతు పోయిన మేకపిల్ల దొరికింది.

ఆ మనిషి దొరికింది సెప్టెంబరులో. నేను అలవాటు ప్రకారం వంగి "ఏమన్న ఉన్నదా?" అన్నాను. మా కూలీ ఇంకా అవతలి కొసకు చేరనే లేదు. అయినా లోపలి నుంచి జవాబు వచ్చింది.

"ఉన్న సారూ. జర ఆగు, గొంగడి మడత వెట్టుకుంట."

క్రేన్ ఆపరేటరు క్యాబిన్‌లోంచి పడీ పడీ నవ్వాడు.

అరవై దాటిన మనిషి. సన్నగా, నిటారుగా ఉన్నాడు. గొంగడి, అల్యూమినియం గిన్నె, ఎర్రగుడ్డలో చుట్టుకున్న కొండగట్టు అంజన్న పటం ఆయన సామాను. ఇక్కడెందుకు ఉన్నావని గట్టిగానే అడిగాను. ఆయన ఊరు ఎన్నో ఏళ్ల కింద రిజర్వాయరు కింద మునిగిపోయిందట. ఉన్నది గుడిసె, దానికి పట్టా లేదు కాబట్టి బదులు ఇల్లు రాలేదు. కొన్నాళ్లు చుట్టాల దగ్గర, కొన్నాళ్లు ఇటుకబట్టీల దగ్గర, తర్వాత ఎక్కడ పడితే అక్కడ. భార్య బట్టీ దగ్గరే పోయింది.

"మా ఊరి మీది నీళ్లే గదా సారూ గీండ్లకెళ్లి పొయ్యేది. నేను జర ముందుగాల వచ్చి పండుకున్న."

అలాంటివాళ్లను వెళ్లగొట్టడమే మాకున్న ఆదేశం. నేను వెళ్లగొట్టలేదు. దయ అనుకోకండి. రోడ్డు వెంట ఇంకా నూటికి పైగా పైపులు ఖాళీగా పడి ఉన్నాయి, ఒక మనిషి పడుకుంటే ఇనుము అరగదు అనుకున్నాను. ముందున్న పైపులోకి మారమని చెప్పాను. ఆ తర్వాత పని ముందుకు సాగిన కొద్దీ ఆయన మారుతూ పోయాడు. ఏ రోజు ఏ నంబరులో ఉన్నాడో నేను డైరీలో రాసుకునేవాణ్ణి. ఎత్తే వరుసలో ఆయన పైపు ఎప్పుడూ కనీసం పది పైపుల దూరంలో ఉండేలా చూసేవాణ్ణి. ఆ ఏర్పాటు మీద నాకు కొంచెం గర్వం కూడా ఉండేది.

కూలీలు ఆయనకు పైపు పటేలు అని పేరు పెట్టారు. మారినప్పుడల్లా క్రేన్ ఆపరేటరు కేక వేసేవాడు. "ఏం పటేలా, మల్ల గృహప్రవేశమా? దావత్ లేదా?"

"నువ్వు నా ఇల్లు గాలిల లేపుడు బంద్ వెడితే దావత్ ఇస్త తీయ్" అనేవాడు ఆయన.

సాయంత్రం ఐదున్నరకు పని ఆగేది. నాకు ఇంటికి పోవాలని ఉండేది కాదు. ఫ్లాస్కులో మిగిలిన టీ ఆయన గిన్నెలో పోసి, పైపు మూతి దగ్గర రాయి మీద కూర్చునేవాణ్ణి. మొదట్లో వానల గురించి, పాములు దూరకుండా గోనె ఎలా కట్టాలన్న దాని గురించి మాట్లాడుకున్నాం. తర్వాత తర్వాత నేనే ఎక్కువ మాట్లాడటం మొదలుపెట్టాను. అప్పటికి నా భార్య పోయి రెండేళ్లు. ఆ రెండేళ్లలో నాతో పని లేకుండా నా పక్కన కూర్చున్న మనిషి ఆయన ఒక్కడే.

మాది మెట్‌పల్లి వైపు మెథడిస్టు కుటుంబం, తాత కాలం నుంచి. నా భార్య కిడ్నీ జబ్బుతో మంచం పట్టినప్పుడు సంఘమంతా నలభై రోజులు వంతులు వేసుకొని ప్రార్థన చేశారు. ఆ వంతుల జాబితా రాసింది నేనే. పగలు గాని రాత్రి గాని ఒక్క గంట కూడా ఖాళీ పోకుండా గళ్లు గీసి రాశాను. ఒక్కరు కూడా వంతు తప్పలేదు. నలభై ఒకటో రోజు ఆమె పోయింది. ఆ తర్వాత కూడా ఆదివారం చర్చికి పోతూనే ఉన్నాను. అందరితో పాటు తల వంచి కళ్లు మూసుకునేవాణ్ణి. లోపల ఒక్క మాట కూడా అనేవాణ్ణి కాదు.

ఇది ఆయనకు చెప్పింది నవంబరులో.

"ఇంటామె పోయినంక నీ దేవునితోటి ఏమన్నవు సారూ?" అని అడిగాడు.

"ఏమనలే. మాట్లాడుడే బంద్ జేసిన."

"కోపమా?"

"కోపం గాదు. అక్కడ ఎవలు లేరనిపిస్తది."

ఆయన గిన్నె కింద పెట్టి నవ్వాడు. "లేనోనితోటి మాట బంద్ వెడ్తరా? నా పెండ్లాం బతికున్నప్పుడు నాతోటి నెల దినాలు మాట్లాడలే ఒకపారి. ఎందుకు, నేనుంటి గనక. ఇప్పుడు నేను ఆమె మీద ఎంత అలిగినా ఏం లాభం? నువ్వు అలిగినవు సారూ. ఉన్నోని మీదనే అలిగినవు."

వాదనగా అది నిలబడదు. పాస్టరు గారు చెప్పి ఉంటే అందులో తప్పులు ఎంచేవాణ్ణి. కానీ ఆ నలభై రోజుల తర్వాత నన్ను ఎవరూ ఆ ప్రశ్న అడగలేదు. "దేవుని చిత్తం" అని చెప్పి పోయారే గాని, నువ్వేమన్నావు అని అడగలేదు. ఆ సాయంత్రం ఆ మాటలన్నీ డైరీలో ఎక్కించాను. మాట్లాడటం మాత్రం మొదలుపెట్టలేదు.

ఇక ఆ మంగళవారం.

ఆదివారం సాయంత్రం ఆయన 132లో ఉన్నాడు. నేను చూశాను, రాసుకున్నాను. సోమవారం చర్చి కమిటీ కూర్చుంది, పని నుంచి నేరుగా అటు పోయాను. ఆయన్ను చూడలేదు. మంగళవారం పదకొండింటికి పెద్ద ఇంజినీరు తనిఖీకి వస్తున్నాడు. ఆయన వచ్చేలోపు 115 నుంచి 120 దాకా ఆరు పైపులు ట్రెంచిలో ఉండాలని మా అసిస్టెంట్ ఇంజినీరు ఆరాటం. చిన్న వయసు, మంచివాడే, పైవాళ్లంటే భయం. "సార్, జర జల్ది చేద్దాం సార్" అని నా చుట్టూ తిరుగుతున్నాడు.

నేను షెడ్డులో కూర్చొని డైరీ తెరిచాను. ఆయన 132లో ఉన్నట్టు నా చేతిరాతలో ఉంది. అంటే 115 నుంచి 120 ఖాళీ. రిజిస్టరు తీసి ఆరు గళ్లలో ఆరుసార్లు "ఖాళీ" అని రాసి సంతకాలు పెట్టాను. లేచి పోయి చూడలేదు. పిలవలేదు. కూలీలు ఇద్దరూ నా వైపు చూశారు. "అయ్యింది, కట్టుండ్రి" అన్నాను.

పిల్లలారా, నిర్లక్ష్యపు మనుషులు చేసే తప్పు ఇది కాదు. నిర్లక్ష్యంగా ఉండేవాడికి డైరీ ఉండదు, కాబట్టి ఆ రోజు పోయి చూసేవాడు. నా కళ్ల కంటే నా రాతను నమ్మిన జాగ్రత్తపరుణ్ణి నేను.

రెండు పైపులు దిగాయి. మూడోది 117. క్రేను లేపింది. మనిషిన్నర ఎత్తు లేచాక ఒక కొస కొంచెం వంగింది. లోపల ఏదో జారిన చప్పుడు, గిన్నె ఇనుముకు కొట్టుకున్న చప్పుడు వినిపించాయి. క్రేన్ ఆపరేటరు వెంటనే ఆపాడు. ఆపడంతోనే పైపు ఊగింది. ఆయన గొంగడితో సహా జారి, బయటికి వచ్చి, ట్రెంచిలో పడ్డాడు. అరవలేదు.

మేము దిగేసరికి తెలివితోనే ఉన్నాడు. ఒళ్లు కాలిపోతోంది. నడుం కింద ఏదీ కదలడం లేదు. క్రేన్ ఆపరేటరు ఆయన తల ఒళ్లో పెట్టుకొని "పటేలా, పటేలా" అంటున్నాడు.

అసిస్టెంట్ ఇంజినీరు ట్రెంచి ఒడ్డున నిలబడి, తెల్లబోయిన మొహంతో నన్ను అడిగాడు. "సార్, మీరు చూసిన్రు గదా? చెక్ చేసిన్రు గదా సార్?"

అది నేరం మోపే గొంతు కాదు. అవునని చెప్పమని బతిమాలే గొంతు. అందరూ ఆగి వింటున్నారు.

"చూసిన" అన్నాను.

ఒక్క మాట. ముప్పై నాలుగేళ్ల సర్వీసులో నేను ఆడిన మొదటి అబద్ధం అది అని చెప్పలేను గాని, దానికి ముందువన్నీ చిన్నవి. కూలీలకు తెలుసు. క్రేన్ ఆపరేటరుకు పైనుంచి అంతా కనిపిస్తుంది, అతనికీ తెలుసు. ఎవరూ నోరు విప్పలేదు. ఆ రోజు తర్వాత క్రేన్ ఆపరేటరు నాతో హాస్యమాడలేదు. నేను రిటైరయ్యే దాకా "సరే సార్" తప్ప ఇంకో మాట లేదు.

జీపులో ఆస్పత్రికి తీసుకుపోయాం. నడుం ఎముక విరిగిందని, లోపల రక్తం పోతోందని, వరంగల్ పంపాలి గాని దారిలో తట్టుకోడని డాక్టరు చెప్పాడు. మధ్యాహ్నం మూడింటికి పోలీస్ కాన్‌స్టేబులు కాగితాలు పట్టుకొని వచ్చాడు. నేను మంచం కాళ్ల దగ్గర నిలబడి ఉన్నాను.

"పేరేంది?" అన్నాడు.

ఆయన చెప్పాడు. నేను ఆ పేరు వినడం అదే మొదటిసారి. నాలుగు నెలలు ఆయన ఏ పైపులో పడుకున్నాడో రోజూ రాసిన నేను పేరు అడగలేదు.

"పైపులకెందుకు వొయినవ్?"

"సలి సారూ."

"ఎత్తేముందు గీ ఇన్‌స్పెక్టర్ సారు లోపల చూసిండా? పిలిసిండా?"

ఆయన నా వైపు చూడలేదు. పైకప్పు వైపు చూస్తూ చెప్పాడు. "పిలిసిండు. రెండుపార్లు పిలిసిండు. జరం మీదుంటి, నేనే పలుకలే."

కాన్‌స్టేబులు రాసుకున్నాడు, ఆయన బొటనవేలు పట్టుకొని ముద్ర వేయించాడు, పోయాడు. నేను నిలబడ్డ చోటే నిలబడ్డాను. ఆ కాగితం తలుపు దాటిపోయేదాకా నాకు సమయం ఉంది. ఆగు అని ఒక్క మాట అంటే సరిపోయేది. అనలేదు.

ఆ తర్వాత స్టూలు జరుపుకొని కూర్చున్నాను. "అట్లెందుకు చెప్పినవ్? నేను పిలువలే గదా."

"పిలువలే" అన్నాడు. "ఎరుకే."

"మరి?"

"నేను రేపటికి ఉంటనో లేదో. నువ్వుంటవు గదా. నీ బుక్కుల ఇన్నేండ్లకెళ్లి మంచిగ రాసుకున్నవు, ఖరాబ్ ఎందుకు జేసుకుంటవు."

"132ల ఉండక గిటెందుకు వచ్చినవ్?"

"కుక్క ఈనింది సారూ అండ్ల. ఐదు పిల్లలు. బాలింతను వెళ్లగొడ్తమా? చెప్పుదామనే సూసిన. నిన్న నువ్వు రాకపోతివి" అన్నాడు.

నర్సు వచ్చి సూది వేసి పోయింది. కిటికీలోంచి ఎండ మంచం మీదికి వచ్చింది. ఆయన చాలాసేపు కళ్లు మూసుకొని పెదాలు కదిలించాడు. తర్వాత కళ్లు తెరిచి నన్ను అడిగాడు.

"మా అంజన్నకు నేను చెప్పుకున్న. నీ దేవునికి నా గురించి ఒక్క మాట చెప్తవా సారూ? గిప్పుడే, నేను ఇనంగ. ఇద్దరికి చెప్పి వెడితే జర ధైర్యం."

ఆయన నన్ను అడిగింది అదొక్కటే. నేను తల వంచాను. చిన్నప్పటి నుంచి వేలసార్లు విన్న మాటలే, నోటికి వచ్చినవే. మొదటి మాట "ప్రభువా". అది కూడా బయటికి రాలేదు. కాన్‌స్టేబులు ముందు మూసుకున్న నోరు ఇప్పుడు దీని కోసం తెరవాలంటే తెరుచుకోవడం లేదు. నాకు ఆ క్షణాన దేవుడు లేడనిపించలేదు. ఉన్నాడనే అనిపించింది, నా జీవితంలో ఎన్నడూ లేనంత గట్టిగా. అందుకే మాట రాలేదు.

"రేపు" అన్నాను. "రేపు పొద్దుగాల వచ్చి చేస్త."

"మంచిది" అన్నాడు. నా చేతి మీద రెండు వేళ్లు పెట్టి తీశాడు. "పో సారూ. పొద్దుగూకుతుంది. పరేషాన్ గాకు."

ఆరున్నరకు బయటికి వచ్చేశాను.

నా మీద విచారణ ఏదీ జరగలేదు. రిజిస్టరులో నా సంతకం ఉంది, వాంగ్మూలంలో ఆయన వేలిముద్ర ఉంది. రెండూ ఒక్క మాటే చెప్తున్నాయి. పదకొండు నెలల తర్వాత నాకు శాలువా కప్పి, "మచ్చలేని సర్వీసు" అని ముగ్గురు మాట్లాడారు. క్రేన్ ఆపరేటరు వెనక వరుసలో కూర్చొని లడ్డూ తినకుండా పొట్లం కట్టుకున్నాడు. జాగ్రత్తగా ఉండండి అని ఈ కథ చెప్పి మీకు నీతి బోధించే హక్కు నాకు లేదు. నేను జాగ్రత్తగానే ఉన్నాను. ఆయన నాకోసం ఆడిన అబద్ధం నా అబద్ధాన్ని నిజం చేసేసింది. దాన్ని తిరిగి ఇచ్చేయడానికి ఆ మనిషి లేడు.

మరుసటి రోజు, జనవరి 10, బుధవారం. ఉదయం ఆరు గంటల పది నిమిషాలకు వార్డు ఆయా ఫోన్ చేసింది. "నీ మనిషి పోయిండు సారూ, తెల్లారంగ. ఎవలు లేరు పక్కకు."

నేను ఆస్పత్రికి కాక ముందు పోలీస్ స్టేషనుకు పోయాను. నిన్నటి కాన్‌స్టేబులే ఉన్నాడు, భుజాన తువ్వాలతో, మొహం కడుక్కొని వస్తున్నాడు.

"నిన్న ఆయన చెప్పింది నిజం గాదు" అన్నాను. "నేను పిలువలే. చూడలే. షెడ్డుల కూసోని సంతకం పెట్టిన."

అతను మొహం తుడుచుకోవడం ఆపాడు. "నిన్న నువ్వు ఆడనే ఉంటివి గదా సారూ. అప్పుడెందుకు చెప్పలే?"

"చెప్పలేకపోయిన."

"నీకు రిటైర్మెంటు ఎన్నాళ్లున్నది?"

"పదకొండు నెలలు."

"పిల్లలున్నరా?"

"లేరు."

అతను బెంచీ చూపించాడు. నేను కూర్చోలేదు. అతనే కూర్చున్నాడు. "సచ్చిపొయేటోడు చెప్పిన మాట సారూ అది. వేలిముద్ర ఉన్నది. దాన్ని నేను ఏం జెయ్యాలె? వాడు అబద్ధమాడిండని రాయాల్నా? గంత పానం మీదికి వచ్చినా నిన్ను బద్నాం కానియ్యలే. నువ్వచ్చి వాని మాట కొట్టేస్తనంటున్నవు." గొంతు తగ్గించాడు. "నిద్రలేదు నీకు. ఇంటికి పో. ఎస్సై సారు వచ్చి గిదంతా ఇంటే నన్ను తిడ్తడు."

ఎస్సై వచ్చేదాకా ఉన్నాను. ఎస్సై విన్నాడు. ఫైలు తెప్పించి చదివాడు. "మీరు పెద్దమనిషి. మీ బాధ అర్థమైంది" అని ఫైలు మూసి కాన్‌స్టేబులుకు ఇచ్చాడు.

బయటికి వచ్చి నా స్కూటరు దగ్గర నిలబడ్డాను. తాళం చెవి పెట్టాను గాని తిప్పలేదు. నిన్న ఆయన అడిగిన మాట అప్పుడు వచ్చింది. ఆయన పేరు చెప్పాను, కాగితంలో ఉన్నట్టే, ఇంటిపేరుతో సహా. ఇందులో ఎవరి పేరూ రాయలేదు కాబట్టి ఇక్కడ అది రాయను. ఈయనను చూసుకో అన్నాను. ఈయనకు ఇల్లు లేదు అన్నాను. తర్వాత, నేను చూడలేదు, చూశానని చెప్పాను అన్నాను. మళ్లీ అదే అన్నాను. రెండేళ్ల తర్వాత దొరికినవి ఆ నాలుగు ముక్కలే.

స్టేషను ముందు టీ బండి ఆమె గ్లాసులు కడుగుతూ నన్నే చూస్తోంది. చెవిలో ఏదో పెట్టుకొని ఫోను మాట్లాడుతున్నాననుకుంది.

"గంత మెల్లగ మాట్లాడితే అవుతలోళ్లకు ఇనవడ్తదా సారూ?" అంది.

"ఏమో" అన్నాను.

అక్కణ్ణుంచి ఆస్పత్రికి పోయి, శవం అప్పగించే గది ముందు బెంచీ మీద కూర్చున్నాను. నాకంటే ముందు ఇద్దరున్నారు.